గేటు ముందు ఇంట్లో ఉన్నవాళ్ళ మాట వినాలి



పోయిన వారం మన గ్రూపులో డల్లాస్‌లో ఉండే తమ్ముడొకడు అడిగాడు: "సేత్తూరు ఇంట్లో కార్ షెడ్డు గేటుకి ఫోన్‌తో తెరిచే కంట్రోలర్ పెట్టించాలి అన్నా, ఏది కొనమంటారు?" అడిగిందే ఆలస్యం, తలా ఒక కంపెనీ పేరు చెప్పారు, ధరలు పెట్టారు. నేనేమీ రాయలేదు. రెండు మాటల్లో తేలేది కాదని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఐప్పసి నెల వాన. రాత్రి పదకొండు గంటలకి నాన్నకి ఆయాసం వచ్చింది. రాజపాళయం తీసుకెళ్ళడానికి పక్క వీధి నుంచి కారు వచ్చి వాకిట్లో నిలబడింది. కరెంటు లేదు. ఇన్వర్టర్ ఉంది, ఫ్యాన్లూ లైట్లూ నడుస్తున్నాయి, కానీ గేటు మోటారు ఆ లైన్‌లో లేదు. నెట్ కూడా పోయింది. అమ్మ గేటు పట్టుకుని లాగితే కదల్లేదు, మోటారు పళ్ళు పట్టేసి ఉన్నాయి. చేత్తో తోసుకునేలా మోటారుని వదిలించే తాళంచెవి ఒకటుంటుంది. అది నేనే భద్రంగా బీరువాలో పెట్టి చెన్నై వచ్చేశాను. చివరికి పక్కింటి అబ్బాయి గోడ దూకి వచ్చి, నాతో ఫోన్‌లో మాట్లాడుతూ బీరువా అంతా వెతికి తీశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. నాన్న బాగానే ఉన్నారు, దేవుడి దయ. ఆ ఇరవై నిమిషాలు మాత్రం నేను మర్చిపోలేను. తప్పు మోటారుది కాదు, పెట్టించిన నాది.

అందుకే నా అభిప్రాయం ఒకటే. కరెంటు లేకుండా, నెట్ లేకుండా, ఫోన్ లేకుండా ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు తెరవగలిగే గేటుకే కంట్రోలర్ పెట్టాలి. ముందు ఆ పని చూసుకోండి, యాప్ సంగతి తర్వాత.

ఈ కంట్రోలర్ అంటే పెద్ద మాయ ఏమీ లేదు. గేటు మోటారు బోర్డు మీద గోడ బటన్ కోసం రెండు వైర్లు తగిలించే చోటు ఉంటుంది. మనం ఫోన్‌లో నొక్కితే ఈ చిన్న డబ్బా ఆ రెండు వైర్లనీ అర సెకను కలిపి వదిలేస్తుంది, అంతే. అంటే ఇప్పటికే మోటారు ఉన్నవాళ్ళు మొత్తం మార్చక్కర్లేదు.

అయితే చాలా మోటార్లలో ఒకే బటన్‌కి నాలుగు పనులు: తెరువు, ఆగు, మూయి, ఆగు. గేటు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తెలియకుండా డల్లాస్‌లో కూర్చుని నొక్కితే, మూద్దామనుకున్నది తెరుచుకుంటుంది. రాత్రంతా బార్లా తెరిచే ఉంటుంది. కాబట్టి గేటు తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే సెన్సార్ లేని కంట్రోలర్ చవకగా వచ్చినా వద్దు. పక్కకి జరిగే గేటుకి అయస్కాంతం సెన్సార్ సరిపోతుంది.

రోలింగ్ షట్టర్ ఉన్నవాళ్ళకి ఇంకో మాట. షట్టర్ లోపలి గొట్టం మోటార్లలో పైకి ఒక వైరు, కిందికి ఒక వైరు వేరువేరుగా ఉంటాయి. లైట్లకి వాడే స్మార్ట్ స్విచ్ తెచ్చి తగిలిస్తే, పొరపాటున రెండింటికీ ఒకేసారి కరెంటు వెళ్ళి మోటారు కాలిపోతుంది. ఒకటి ఆన్‌లో ఉంటే రెండోది ఆన్ కాకుండా ఆపే షట్టర్ కంట్రోలరే అడిగి తీసుకోండి.

ఇక కంపెనీ సర్వర్ సంగతి. చాలా డబ్బాలు మన నొక్కుడుని ముందు ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి పంపి, అక్కడి నుంచి మళ్ళీ మన గేటుకి తెస్తాయి. అంటే మన గేటు తాళం ఇంకొకరి చేతిలో ఉన్నట్టే. 2017లో గరాజెట్ అనే కంట్రోలర్ కొన్న ఒకాయన బాగాలేదని కోపంగా రాస్తే, తయారుచేసినాయన ఆ డబ్బాకి సర్వర్ అందకుండా ఆపేశాడు. 2023లో ఛాంబర్‌లేన్ కంపెనీ తన మైక్యూ గేట్లు బయటి సాఫ్ట్‌వేర్లతో కలవకుండా దారి మూసేసింది. అప్పటిదాకా హోమ్ అసిస్టెంట్ లాంటి వాటితో నడుపుకుంటున్నవాళ్ళకి ఒక్కసారిగా ఆగిపోయింది. అదే ఏడాది నెక్స్ అనే కంపెనీ కంట్రోలర్లలో ఎవరి గ్యారేజ్ తలుపునైనా దూరం నుంచి తెరవగలిగే లోపం బయటపడి, అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ హెచ్చరిక ఇచ్చింది.

అక్కడే అలా ఉంటే, పేరు కూడా సరిగా లేని డబ్బా కొని మనం ఎవర్ని అడుగుతాం? పరీక్ష చాలా తేలిక. బిగించే అబ్బాయి వెళ్ళిపోకముందే రౌటర్‌కి బయటి నుంచి వచ్చే నెట్ కేబుల్ పీకేయండి, ఇంటి వైఫై అలాగే ఉంచండి. అప్పుడు కూడా ఫోన్‌తో గేటు తెరుచుకుంటే అది మీ గేటు. తెరుచుకోకపోతే వేరేది చూడండి.

చేతి రిమోట్ కూడా చూసుకోండి. ప్రతిసారీ ఒకే కోడ్ పంపే పాత రిమోట్లని సులభంగా మోసం చెయ్యొచ్చు. 2015లో అమెరికాలో ఒక భద్రతా పరిశోధకుడు పిల్లల ఆటబొమ్మని కాస్త మార్చి అలాంటి గ్యారేజ్ తలుపుల్ని సెకన్లలో తెరిచి చూపించాడు. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ రిమోటే అడగండి.

నాకు అన్నిటికన్నా భయం వేసేది దూరం నుంచి మూయడం. తెరవడంలో దొంగ భయం ఉంది, మూయడంలో ప్రాణ భయం ఉంది. గేటు పట్టా మీద పిల్లలు కూర్చుని ఆడతారు. చల్లగా ఉంటుందని మన రాజపాళయం కుక్క అక్కడే పడుకుంటుంది. డల్లాస్‌లో వేలు పెట్టినవాడికి అవేవీ కనబడవు. అమెరికాలో 1993 నుంచి ఇళ్ళ గ్యారేజ్ మోటార్లకి, తలుపు కింద ఎవరైనా చిక్కుకోకుండా కాపాడే ఏర్పాటు తప్పనిసరి చేశారు. పిల్లలు చనిపోయాకే ఆ చట్టం వచ్చింది. కాబట్టి గేటుకి రెండు వైపులా అడ్డం వస్తే ఆపే ఫోటో సెన్సార్ ఉండాలి, మూసేముందు కూత వినపడాలి. ఈ రెండూ లేకపోతే యాప్‌లో మూసే పని వద్దు, తెరవడం ఒక్కటే ఉంచుకోండి.

తాళం ఎవరెవరి దగ్గర ఉందో కూడా రాసి పెట్టుకోండి. డ్రైవర్‌కీ పనమ్మాయికీ మీ పాస్‌వర్డే ఇవ్వకండి, వాళ్ళకి వేరే అనుమతి ఇచ్చి, మానేసిన రోజే తీసేయండి. యాప్ ఖాతా కొడుకు ఒక్కడి పేరు మీదే ఉండటం మంచిది కాదు. ఊళ్ళో ఉన్న ఒక ఫోన్‌లో కూడా పూర్తి అధికారం ఉండాలి.

ఇదంతా చదివి "అసలు ఈ గొడవంతా ఎందుకు, చేతి గేటే మేలు" అనే పెద్దలున్నారు. వాళ్ళ మాట కొట్టిపారేయను. కానీ మోకాళ్ళ నొప్పులున్న అమ్మ వానలో ఇనప గేటు తోయడం నేను చూశాను. మోటారు అవసరమే. అర్ధరాత్రి అంబులెన్స్ వస్తే దూరాన ఉన్న కొడుకు తెరవగలగడం వరమే. అది ఇంట్లో ఉన్నవాళ్ళ చేతుల్ని కట్టేయకూడదు, అంతే నేననేది.

మా ఇంట్లో ఇప్పుడు చేసింది ఇది. మోటారుని ఇన్వర్టర్ లైన్‌లోకి మార్పించాను, అది మోయగలదో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించుకుని. కొత్తగా కొనేవాళ్ళు 24 వోల్టుల డీసీ మోటారు చూడండి, దానికి బ్యాటరీ పెట్టుకోవడం తేలిక. వదిలించే తాళంచెవి ఒకటి గేటుకి దగ్గరగా ఇంటి లోపలి మేకుకీ, ఒకటి పక్కింట్లో. దాన్ని ఎటు తిప్పాలో పెద్ద అక్షరాలతో తమిళంలో రాసి గోడకి అంటించాను. మా అమ్మ మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం, యాప్ మాత్రం ఇంగ్లీషు. మన ఇళ్ళన్నిటిలో ఇదే కథ కదా.

తమ్ముడూ, డబ్బా ఏది కొన్నా ఈ ఒక్క పరీక్ష పెట్టు. ఈబీ వాళ్ళు షట్‌డౌన్ అని చెప్పిన రోజు అమ్మకి ఫోన్ చేసి, "నువ్వే తాళం తిప్పి గేటు తొయ్యమ్మా" అని చెప్పు. ఆమె తొయ్యగలిగితే నీ కంట్రోలర్ పాసైనట్టు. లేకపోతే, ఎంత ఖరీదైనదైనా, దాన్ని బిగించినవాణ్ణి మళ్ళీ పిలిపించు.