జీతం అడిగితే సేవ, పని ఆపితే నేరం

2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబర్ 2 జారీ చేసింది. అంగన్‌వాడీ పని అత్యవసర సేవ, ఆరు నెలల పాటు దాన్ని ఆపడానికి వీల్లేదు అన్నది దాని సారాంశం. 1971 నాటి అత్యవసర సేవల నిర్వహణ చట్టాన్ని, మనందరం ఎస్మా అని పిలిచే చట్టాన్ని, లక్ష మంది ఆడవాళ్ళ మీద ప్రయోగించారు. అప్పటికి సమ్మె మొదలై ఇరవై ఆరో రోజు.

సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి నా కళ్ళు ముందు మాటల మీద ఆగుతాయి. 1975 అక్టోబర్ 2న ఐసిడిఎస్ మొదలైనప్పటి నుంచి ఈ స్త్రీలకు ఇచ్చేదాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. చేసేదాన్ని ఉద్యోగం అనలేదు, సేవ అన్నారు. సమ్మె నాటికి ఆ గౌరవం విలువ టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. వాళ్ళది సివిల్ పోస్టు కాదని 2006లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. అంటే వేతన స్కేలు అడిగితే మీరు ప్రభుత్వోద్యోగులు కారు పొమ్మంటారు. పని ఆపితే మాత్రం ప్రభుత్వోద్యోగి మీద ప్రయోగించే చట్టాన్నే తెచ్చి నెత్తిన పెడతారు. ఇరవై ఐదు రోజుల దాకా ‘స్వచ్ఛంద సేవ’గా ఉన్నది ఇరవై ఆరో రోజు ‘అత్యవసర సేవ’ అయిపోయింది. ఆడదాని పని విలువ ఆ పని ఆగినప్పుడే ప్రభుత్వానికి తెలిసొచ్చింది. తెలిసొచ్చాక జీతం పెంచలేదు, నిషేధం పెట్టింది.

దీనికొక జవాబు సిద్ధంగా ఉంటుంది. పసిపిల్లల నోటి దగ్గర ముద్ద లాగేస్తారా? బాలింతల గుడ్డూ పాలూ ఆపుతారా? ఇది ఊరికే తోసెయ్యదగ్గ ప్రశ్న కాదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాలు తెలిసిన వాళ్ళకు అది మరీ బాగా తెలుసు. వానలు లేక, నీళ్ళు లేక, కుటుంబాలకు కుటుంబాలే ఇళ్ళకు తాళాలేసి గుంటూరు మిరపకాయల కోతలకూ పత్తి ఏరడానికీ సుగ్గికి పోయే ప్రాంతమది. ఊళ్ళో మిగిలిన కూలి తల్లికి అంగన్‌వాడీ కేంద్రం ఒక్కటే ఆసరా. అది మూతబడితే చంటిదాన్ని చూసుకోవడానికి పదేళ్ళ అక్క బడి మానేస్తుంది. సమ్మె భారం పడేది మంత్రి ఇంటి మీద కాదు, మరో పేదరాలి ఇంటి మీద. ఇది నిజం. అయితే ఆ భారం మోపింది ఎవరు? నలభై రెండు రోజులు చర్చలు సాగదీసింది ఎవరు? కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయం సిబ్బందిని కూర్చోబెట్టడానికి ఉన్న తొందర, గ్రాట్యుటీకి ఎందుకు లేదు? వీళ్ళు గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు చెప్పింది కదా. పత్తి చేలో కూలి చేసే తల్లినీ ఆమె బిడ్డకు అన్నం వండే ఆయానూ ఎదురెదురుగా నిలబెట్టి, మీలో ఎవరు మంచి ఆడది అని అడగడం పాత ఎత్తు. ఆ తగవులో మనం తీర్పరులుగా కూర్చోకూడదు.

ఎస్మా ప్రత్యేక సందర్భం కదా, మామూలు కార్మికురాలికి సమ్మె హక్కు ఉంది కదా అనుకునేవాళ్ళు ఉంటారు. అదెంత ఉందో చూద్దాం. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలో ఉంది గానీ, అందులో సమ్మె చేసే హక్కు ఇమిడి లేదని 1961లోనే సుప్రీంకోర్టు అన్నది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సుమారు లక్షా డెబ్బై వేల మంది ఉద్యోగులను ఒక్క దెబ్బకు తీసేసినప్పుడు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే నైతిక హక్కు కూడా లేదని అన్నది. ఇక 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ సంగతి. పాత చట్టంలో ముందస్తు నోటీసు ప్రజోపయోగ సేవలకే తప్పనిసరి. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా పద్నాలుగు రోజుల ముందు నోటీసివ్వాలి. నోటీసు అందాక అధికారి రాజీ సమావేశం పిలుస్తాడు. సమావేశం మొదలైతే అది ముగిసిన ఏడు రోజుల దాకా సమ్మె చెయ్యకూడదు. వ్యవహారం ట్రిబ్యునల్‌కు ఎక్కితే అది తేలేదాకా, తేలాక మరో అరవై రోజుల దాకా చెయ్యకూడదు. కాదని చేస్తే వెయ్యి నుంచి పదివేల దాకా జరిమానా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ. పాత చట్టంలో ఈ జరిమానా యాభై రూపాయలు. సమ్మెను నిషేధించామని ఎక్కడా అనలేదు. వాయిదా వేస్తూ పొమ్మన్నారు, అంతే.

ఈ లెక్కను ఆదోనికి తెచ్చి చూడండి. రెండో ముంబయి అని పేరుపడ్డ ఊరు. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డు తెల్లగా పరుచుకుంటుంది. యార్డులో హమాలీలు బస్తా దించకపోతే వేలం ఆగుతుంది. మగవాళ్ళు, భుజబలం, సంఘం, జెండా, అన్నీ కంటికి కనిపిస్తాయి. అదే పత్తిని చేలో కిలోల లెక్కన ఏరేది, జిన్నింగు ఫ్యాక్టరీలో చెత్తా పుచ్చూ ఏరి మిషన్లకు అందించేది ఎక్కువగా ఆడవాళ్ళు. దూదిపొట్టు ఊపిరితిత్తుల్లోకి పోయేది వాళ్ళకే. చేలో కూలికి రోజుకో యజమాని. ఎవరికిమ్మంటారు నోటీసు? ఫ్యాక్టరీలో సీజన్ కూలికి యజమాని మొహం కన్నా మేస్త్రీ మొహమే ఎక్కువ తెలుసు. పద్నాలుగు రోజుల నోటీసు, రాజీ సమావేశాలు, ఆపై ట్రిబ్యునల్. అవన్నీ అయ్యేసరికి పత్తి బేళ్ళయి లారీలెక్కి పోయి ఉంటుంది. సీజన్ అయిపోయాక దక్కే సమ్మె హక్కు ఎవరికి కావాలి? పైగా కార్మికులను తొలగించాలన్నా, ఫ్యాక్టరీ మూసెయ్యాలన్నా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పరిమితిని ఇదే కోడ్ వందమంది నుంచి మూడువందలకు పెంచింది. జిన్నింగు ఫ్యాక్టరీలో మూడువందల మంది ఎక్కడుంటారు?

అక్కడి నుంచి ఎమ్మిగనూరు వెళ్తే సమస్య మరో రూపంలో కనిపిస్తుంది. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరికి పేరు తెచ్చింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సహకారం గొప్ప ఆశయమే, కాదనను. కానీ మగ్గం గుంటలో కూర్చున్నవాడు నేతగాడు, గడప దగ్గర కూర్చుని కండెలు చుట్టే ఆమె నేతగాడి భార్య. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళలో 72 శాతం స్త్రీలే. అయినా ‘నేతన్న’ అన్న మాటే మన నాలుకల మీద ఆడుతుంది. ఆమె కండెలు చుట్టడం మానేస్తే దాన్ని సమ్మె అంటారా? మొగుడితో గొడవ అంటారు. ఇంటి పనివాళ్ళ పరిస్థితీ అంతే. గృహసేవ ‘పరిశ్రమ’ కిందికి రాదని కోడ్ స్పష్టంగానే రాసింది.

కాబట్టి సమ్మె చట్టం మనసులో ఉన్న కార్మికుడు ఒకడున్నాడు. అతనికి ఒక గేటు, ఒక మస్టర్, ఒక యజమాని ఉంటారు. ఇంట్లో వండిపెట్టే మనిషి ఉంటుంది. ఆ కార్మికుడి హక్కునే ఇంత నలిపేస్తుంటే, మొదటి నుంచీ ఆ నిర్వచనంలోనే లేని ఆడవాళ్ళ సంగతి ఏమిటి?

వాళ్ళు నిర్వచనం కోసం ఆగలేదు. 2016 ఏప్రిల్‌లో, పిఎఫ్ డబ్బు పూర్తిగా తీసుకోవడానికి కేంద్రం పెట్టిన ఆంక్షల మీద బెంగళూరు గార్మెంట్ కార్మికులు, అత్యధికులు స్త్రీలు, రోడ్డెక్కారు. ముందు నడిపించిన సంఘం లేదు. రెండో రోజే ప్రభుత్వం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. ఈనాటి కోడ్ కింద ఆ రెండు రోజులూ చట్టవిరుద్ధ సమ్మె అయ్యుండేవి. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో తొంభై శాతం మంది స్త్రీలు ఆఫీసు పనీ ఇంటిపనీ రెండూ ఆపేశారు. సమ్మె అన్న మాటకు జడిసేవాళ్ళు కూడా కలిసి రావాలని దానికి ‘సెలవు దినం’ అని పేరు పెట్టుకున్నారు. మన కోడ్ ఆ దారి కూడా మూసింది. సంస్థలో సగం మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ ఒకే రోజు కలిసికట్టుగా క్యాజువల్ సెలవు పెడితే అదీ సమ్మేనట. ఒక్కర్తే సెలవు పెడితే ఆమె విశ్రాంతి, అందరూ పెడితే నేరం.

మన పత్రికల్లో, సెమినార్లలో ‘అదృశ్య శ్రమ’ గురించి ఎన్నో పత్రాలు సమర్పించాం. ఆ పదం వేసి, పాదసూచిక ఇచ్చి, అక్కడితో ఆగిపోయాం. శ్రమ అదృశ్యం అన్నది సగం మాటే. అది ఆగిన రోజు అందరికీ కనిపిస్తుంది. అందుకే ఆగకుండా చట్టాలు చేస్తున్నారు. ఆ ఆగిన రోజు గురించి మనం రాశామా? మన సమ్మె కథల్లో స్త్రీ ఎక్కువగా పుస్తెలు కుదువబెట్టి భర్త సమ్మెను నిలబెట్టే ఇల్లాలే. సమ్మె నోటీసు మీద సంతకం పెట్టిన స్త్రీ, తాళం పగలగొడుతుంటే గుమ్మానికి అడ్డం నిలబడ్డ ఆయా, విమర్శకుల కంట పడ్డారా?

సేవ, గౌరవ వేతనం, అత్యవసరం, సెలవు. ఇవన్నీ మాటలు. మాటలు మన పని. ప్రభుత్వం ఒక్కో మాటను ఎలా తిప్పి వాడుతోందో విప్పి చూపడం మనకు చేతనవును. ఆ స్త్రీలు చెయ్యగలిగింది నలభై రెండు రోజులు చేసి చూపించారు. కనీసం గౌరవ వేతనాన్ని జీతం అనీ, సేవను పని అనీ, వాళ్ళు చేసినదాన్ని హక్కు అనీ మనం రాయాలి. తరగతి గదిలో అలాగే చెప్పాలి. ఈసారి వాళ్ళు పని ఆపినప్పుడు, పిల్లల మాటేమిటని వాళ్ళను కాదు, ప్రభుత్వాన్ని అడగాలి.