సరిహద్దు దాటుతున్న జన్యు సమాచారం: వాటా ఎవరికి?

మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులలో వంశపారంపర్య లక్షణాలను మోసే పదార్థానికి నేడో రేపో మనిషికి ఉపయోగపడే విలువ ఉన్నప్పుడు దానిని జన్యు వనరు అంటారు. 1992లో రియో డి జనీరోలో జీవవైవిధ్య ఒడంబడిక కుదిరేవరకు ఈ వనరులు మానవజాతి ఉమ్మడి వారసత్వమన్న భావనే చెలామణిలో ఉండేది. ఆచరణలో ఆ ఉమ్మడి సొత్తు, అడవులూ పొలాలూ ఉన్న దేశాల నుంచి ప్రయోగశాలలూ పెట్టుబడులూ ఉన్న దేశాలకు తరలిపోవడమే తప్ప లాభం వెనక్కి రావడం అరుదు. గాయానికి పసుపు అద్దడమన్న తరతరాల వాడుకపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరు కావడం, భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి 1997లో దానిని రద్దు చేయించవలసి రావడం ఆ కాలపు ధోరణికి నిదర్శనం.

జన్యు వనరులపై ఆయా దేశాలకు సార్వభౌమ హక్కు ఉందని ఒడంబడిక ప్రకటించగా, ఆ హక్కును అమలు చేసే పద్ధతిని 2010లో జపాన్‌లో ఆమోదించిన నగోయా ప్రోటోకాల్ నిర్దేశించింది. వనరును కోరేవారు దాని ఉపయోగాన్ని ముందే వివరించి సమ్మతి పొందాలన్నది అందులో మొదటి షరతు కాగా, ఒనగూడే ప్రయోజనంలో ఎవరికెంత వాటా అన్నది ఇరుపక్షాలూ ఒప్పందంలో రాసుకోవాలన్నది రెండోది. పదకొండో జీవవైవిధ్య సదస్సుకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చిన 2012 అక్టోబరులోనే భారత్ ఈ ప్రోటోకాల్‌ను ధ్రువీకరించింది. దానికి పదేళ్ల ముందే, 2002లో, దేశానికి సొంత జీవవైవిధ్య చట్టం వచ్చింది.

నియమాలు పుట్టకముందే వాటా పంచిన ఉదాహరణ కేరళలో ఉంది. 1987లో అగస్త్య కొండల్లో మొక్కల అన్వేషణకు వెళ్లిన శాస్త్రవేత్తలు, తమకు దారి చూపిన కాణి గిరిజనులు ఒక చిన్న మొక్క కాయలు తింటూ అలసట లేకుండా నడవడం గమనించి, వారి ద్వారానే ఆరోగ్యపచ్చ అనే ఆ మొక్క గురించి తెలుసుకున్నారు. తిరువనంతపురం సమీపంలోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ దాని నుంచి ‘జీవని’ అనే ఔషధాన్ని రూపొందించి, 1995లో 10 లక్షల రూపాయల లైసెన్సు రుసుముకు, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకి ఒక ఆయుర్వేద కంపెనీకి అప్పగించి, ఆ రెండింటిలోనూ సగం కాణీలకు చెందాలని నిర్ణయించింది. ఆ సొమ్ము అందుకోవడానికి 1997లో కాణీల పేరిట ట్రస్టు ఏర్పడింది. అయితే అడవి నుంచి మొక్కను సేకరించడానికి అటవీశాఖ ఆంక్షలు అడ్డు తగలడంతో ముడిసరుకుకు కొరత ఏర్పడి, ఆశించిన ఆదాయం నిలకడగా రాలేదు. వాటా రాసిపెట్టినంత మాత్రాన చాలదని, ఆ వాటా పుట్టే మార్గం కూడా తెరిచి ఉండాలని ఈ అనుభవం నేర్పుతోంది.

అంతకంటే పెద్ద చిక్కు తర్వాత వచ్చింది. కేరళ శాస్త్రవేత్తలే ఆరోగ్యపచ్చ ముసాయిదా జన్యుక్రమాన్ని 2019లో ప్రచురించారు. ఒక జీవి డీఎన్ఏలోని అక్షరాల వరుసను కంప్యూటర్‌లో భద్రపరిస్తే దానిని డిజిటల్ జన్యుక్రమ సమాచారం అంటారు. అంతర్జాతీయ భాండాగారాలలో ఇలాంటి సమాచారం ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. దానిని దించుకున్న పరిశోధకుడు అవసరమైన జన్యువును ప్రయోగశాలలోనే కృత్రిమంగా తయారుచేసుకోగలడు కనుక, ఆకూ విత్తనమూ కదలకుండానే వాటి విలువ సరిహద్దు దాటిపోతుంది. వస్తువు చేతులు మారేచోట కాపలా ఉంచిన నగోయా ఏర్పాటుకు ఈ రవాణా కనబడదు.

ఈ లోపాన్ని పూడ్చడానికి 2024లో కొలంబియాలోని కాలీలో జరిగిన జీవవైవిధ్య సదస్సు ఒక నిధిని నెలకొల్పింది. ఔషధాలు, సౌందర్య సాధనాలు, విత్తనాల వంటి రంగాలలో జన్యుక్రమాల వల్ల లబ్ధి పొందే పెద్ద కంపెనీలు తమ లాభంలో 1 శాతం గానీ, ఆదాయంలో 0.1 శాతం గానీ చెల్లించాలని, అందులో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సముదాయాలకు చేరాలని సూచించింది. ఆలోచన మంచిదే కానీ చెల్లింపు స్వచ్ఛందం. ఒడంబడికలో అమెరికా భాగస్వామి కాకపోవడం ఈ బలహీనతను మరింత పెంచుతోంది.

జన్యు సమాచారానికి కంచె వేస్తే విజ్ఞానశాస్త్రం కుంటుపడుతుందని, మహమ్మారి వేళ అది ప్రాణాలమీదికి తెస్తుందని కొందరు శాస్త్రవేత్తలు వ్యక్తం చేస్తున్న భయం నిరాధారమైనది కాదు. అయితే సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచి, దాని ఆధారంగా తయారైన వస్తువు అంగడికి వచ్చినప్పుడు అమ్మకంపై వాటా వసూలు చేస్తే పరిశోధనకు ఆటంకం ఉండదు, సంపదను కాపాడినవారికి అన్యాయమూ జరగదు. ఆ వసూలును ప్రతి సభ్యదేశం తన చట్టంలో తప్పనిసరి చేయడమే మిగిలిన పని.

ఇంటిని చక్కదిద్దుకోవలసిన బాధ్యత భారత్‌కూ ఉంది. అమరచింత గ్రామం నుంచి జపాన్‌కు వెళ్లిన వేపాకుపై గ్రామ జీవవైవిధ్య కమిటీకి వాటా అందింది. ఎర్రచందనం సాగు చేసిన 198 మంది ఆంధ్రప్రదేశ్ రైతులకు, ఒక విద్యాసంస్థకు కలిపి 2025లో 3 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. ఇవి హర్షించదగినవే అయినా, రెండూ తూకం వేసి లెక్కించగల సరుకులన్నది మరువరాదు. మరోవైపు 2023 నాటి చట్ట సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకునేవారికి వాటా చెల్లింపు నుంచి మినహాయింపునిచ్చి స్థానికుల హక్కును పలుచన చేసింది. విదేశీ కంపెనీలను వాటా అడిగే దేశం, స్వదేశీ కంపెనీలను వదిలేస్తే ఆ వాదనకు నైతిక బలం ఉండదు.

కాబట్టి కేంద్ర ప్రభుత్వం ఈ మినహాయింపును పునఃసమీక్షించాలి. జన్యుక్రమాల వాణిజ్య వినియోగంపై దేశీయంగా తప్పనిసరి చెల్లింపును విధించాలి. వచ్చిన సొమ్ము గ్రామ కమిటీ ఖాతాకు చేరిన వివరాలను ఏటా బహిరంగపరచాలి. అప్పుడే కాలీ నిధికి చట్టబద్ధత కల్పించాలని అంతర్జాతీయ వేదికలపై కోరే అర్హత భారత్‌కు దక్కుతుంది.