ఈవెంట్స్‌కి ముందే మోకాలు మొరాయిస్తే..

పోలీస్ ఉద్యోగానికి ప్రిపేరయ్యేవాళ్లు సిలబస్ లెక్క పక్కాగా వేసుకుంటారు. మోకాళ్ల లెక్కే వేయరు. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌నే చూడండి. ఏప్రిల్‌లో ప్రకటన, ఆగస్టులో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో ఫలితాలు, డిసెంబర్ మొదట్లో ఈవెంట్స్. అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. రిజల్ట్ చూశాకే బూట్లు కొన్నవాళ్లకు మిగిలింది దాదాపు ఏడు వారాలే.

నెలల తరబడి స్టడీ హాల్ కుర్చీకి అతుక్కుపోయిన కాళ్లను ఒక్కసారిగా రోజూ పరిగెత్తిస్తే మోకాలి చిప్ప చుట్టూ, దాని వెనక నొప్పి మొదలవుతుంది. మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువవుతుంది. ఇంట్లోవాళ్లు 'గుజ్జు అరిగింది' అనేస్తారు. మీరేమో ఎమ్మారై గురించి ఆలోచిస్తారు. ఇరవైల్లో ఉన్న చాలామందికి ఇది అరుగుదల కాదు, కీలు అలవాటుపడిన దానికన్నా ఎక్కువ భారం పడటం. డాక్టర్ మిమ్మల్ని నాలుగు ప్రశ్నలడిగి, గుంజీ తీయించి, చేత్తో నొక్కి చూసి తేల్చగలరు. స్కాన్ చాలాసార్లు అవసరమే పడదు.

లాంగ్ జంప్ మీద పడ్డవాళ్లు ఒకటి గమనించాలి. నొప్పి సరిగ్గా చిప్ప కింది అంచు దగ్గరే, దూకినప్పుడే వస్తుంటే అక్కడి టెండన్ దెబ్బతిని ఉండొచ్చు. ఇక వాపు, జ్వరం, కీలు పట్టేయడం, కాలు మోపలేకపోవడం ఉంటే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మందు ఏంటంటే, బోర్ కొట్టే వ్యాయామమే. 2018 నాటి అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటన తొడ కండరాలతో పాటు తుంటి కండరాలనూ బలపరచమంది. కరెంటు పరికరాలతో చేసే చికిత్సలను సిఫారసు చేయలేదు. టేపు వేసుకుంటే కొన్నాళ్లు ఊరట, అంతే. వ్యాయామం ఫలితం కనిపించడానికి కనీసం ఆరు వారాలు పట్టొచ్చు. అసలు చిక్కు ఇక్కడే! చేతిలో ఉన్నవి ఏడు వారాలు, నొప్పి మూడో వారంలో వస్తే? అప్పుడే పెయిన్ కిల్లర్ మింగి పరిగెత్తడం మొదలవుతుంది. అది నొప్పిని కప్పేస్తుంది, భారాన్ని తగ్గించదు. గ్రౌండ్ కోచింగ్‌ను రిజల్ట్ దాకా వాయిదా వేసే పద్ధతే నా దృష్టిలో అసలు లోపం. అప్లికేషన్ పెట్టిన వారం నుంచే వారానికి మూడు రోజులు మెల్లగా పరిగెత్తితే ఈ హడావుడి ఉండదు.

ఇప్పటికే నొప్పి ఉందా? పూర్తిగా మంచమెక్కక్కర్లేదు. జంప్‌లు కొన్నాళ్లు ఆపి, మర్నాటికి నొప్పి సర్దుకునేంత దూరమే పరిగెత్తండి. వ్యాయామాలు ఎలా చేయాలో ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒక్కసారైనా నేర్చుకోండి.