ఆఱేండ్లు నిండువఱకు ఆగుమనుటయా?

మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు ఏనాడో యడిగిరి. మన ప్రభుత్వములకు మాత్రము ఆ ప్రశ్న వినబడినట్లు లేదు. వికలాంగుడగు బిడ్డకు ఆఱేండ్లు వచ్చిన పిమ్మటనే చట్టము తలుపు తెఱచుచున్నది. అందాక ఆ బిడ్డకు దిక్కు అంగన్వాడీయే. ఆ అంగన్వాడీ చేతిలో ఆ బిడ్డకై పెట్టిన ధనమెంత? ఇదియే నేటి మా ప్రశ్న.

ముందు చట్టమును చూతము. 2002లో రాజ్యాంగమునకు జరిగిన 86వ సవరణ విద్యను ప్రాథమిక హక్కుగా జేసినది. కాని ఆఱు మొదలు పదునాలుగేండ్ల వారికే. ఆఱేండ్లలోపు వారి సంరక్షణము 45వ అధికరణమున ఆదేశిక సూత్రముగా మిగిలినది. సూత్రమును బట్టుకొని కోర్టు కెక్కుటకు వీలులేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములోని 31వ సెక్షను సయితము ఉచిత విద్యాహక్కును ఆఱవయేటనే మొదలిడినది. అదియు నూటికి నలువది పాళ్లకు తక్కువగాని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము గలవారికే. 2018లో ఆరంభమైన సమగ్ర శిక్ష పథకము పాఠశాలలోని దివ్యాంగ బాలునికి ఏటికి 3,500 రూపాయల వఱకు నిర్ణయించినది. మూడేండ్ల బిడ్డ వెంట అంగన్వాడీకి నడచివచ్చు రూపాయి యేది?

లాలాపేటను చూడుడు. ఒకప్రక్క లాలాగూడ రైల్వే కర్మాగారము, మఱొకప్రక్క నాచారము పారిశ్రామికవాడ. ప్రొద్దున్నే పనికి బోవు తల్లి బిడ్డను అంగన్వాడీలో దింపవలయును. ఆ బిడ్డ మెడ నిలుపలేడు, మెతుకు మ్రింగలేడు అనుకొందము. అచ్చట నొక టీచరు, ఒక ఆయా, గదినిండ పిల్లలు. గ్రుడ్డును మెత్తగా మెదిపి చెంచా వెంట చెంచా తినిపింప అరగంట పట్టును. ఆ అరగంట మిగిలినవారి నెవరు చూతురు? టీచరు నిర్దయురాలు గాదు. ఆమెకు నాలుగు చేతులు లేవు. కావున "రేపట్నుంచి ఇంటికాడనే ఉంచుకో అమ్మా" యనును. తల్లి పని మానును. ఇంటికి వచ్చు జీతము పోవును. బిడ్డ మాట, నడక నేర్వదగిన వయస్సును పోవును.

లాలాపేటకు కూతవేటు దూరమున, తార్నాకలో, 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ గలదు. నగరమున కావలియంచున బోయినపల్లిలో బుద్ధిమాంద్యము గలవారికై కేంద్రము 1984లో స్థాపించిన జాతీయ సంస్థ గలదు. విద్వత్తునకు కొఱత లేదు. ఆ విద్వత్తు ఈ గదికి చేరుటకు త్రోవ వేయువారు లేరు.

2023 నవంబరులో కేంద్రము దివ్యాంగ శిశువుల విషయమై అంగన్వాడీలకు ఒక మార్గదర్శిని విడుదల చేసినది. శిశువులను గుర్తింపుడు, కలుపుకొనుడు, వైద్యులకడకు పంపుడు అని అందలి సారము. స్వాగతించుచున్నాము. కాని ఇల్లలుకగానే పండుగ యగునా? వికలాంగుడన్న పేరు మాన్పి దివ్యాంగుడన్నంతనే పళ్లెము నిండునా?

ధనము లేదందురా? 2011 జనగణనలో ఆఱేండ్ల లోపు వికలాంగ శిశువులు దేశమంతట ఇరువది లక్షల పైచిలుకు. ఆ వయస్సువారిలో నూటికి ఒకరికంటె కొంచెము హెచ్చు. లెక్కకు రానివారిని కలిపికొన్నను అంగన్వాడీకి ఒకరో ఇద్దఱో. ఒకరిద్దఱి వ్యయమును భరింపలేని రాజ్యమున్నదా? ఇంగ్లండులో 2017 నుండి ఇట్టి బిడ్డ పేర శిశుకేంద్రమునకే ఏటికి 615 పౌనులు ఇయ్యసాగిరి, పిదప హెచ్చించిరి. వారి సంపద మనకు లేదు. కాని బిడ్డ యెచ్చటనో ధనమచ్చటనే యను పద్ధతికి సంపద యేల?

కావున మా కోరిక లివి. బిడ్డ పేర అంగన్వాడీకి ఏటేట ప్రత్యేక ధనము రావలయును: ఆసరా కుర్చీకి, లావుపిడి చెంచాకు, గుమ్మమున వాలుబాటకు, పూటకొక సహాయకురాలికి. ధ్రువపత్రము వచ్చువఱకు ఆపరాదు. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద శిశువులను పరీక్షించు వైద్యబృందము మాటయే చాలవలయును. దివ్యాంగుల చట్టపు 88వ సెక్షను ప్రతి రాష్ట్రమునకు ఒక నిధి యుండవలెనన్నది. తెలంగాణ ప్రభుత్వము ఆ నిధినుండియో, బడ్జెటులో వేఱు పద్దుననో దీని నీయవలయును.

పఠనమందిరమున దీనిని చదువు మహాశయులారా! ఈ వారము మీ వీధి అంగన్వాడీకి పొండు. రాని బిడ్డ యెవడో విచారింపుడు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఒక దరఖాస్తు వ్రాసి, ఇట్టి శిశువు లెందఱు, వారికై వ్యయించిన దెంత యని యడుగుడు. వచ్చిన జవాబును మీ శాసనసభ్యుని ముందుంచుడు. బడ్జెటు మఱుసటి యేటికి వాయిదా పడవచ్చును. బిడ్డ మూడవయేడు వాయిదా పడదు.