అయిదు పేర్లు, రెండు గోత్రాలు

మా అన్నయ్య కూతురు తన పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుంది. "అయిదు బ్రౌజర్లు పెట్టాను బాబాయ్, అన్నీ ఓపెన్ సోర్సే. నీకు నచ్చింది వాడుకో" అంది. క్రోమియం, బ్రేవ్, ఫాల్కన్, కాంకరర్, ఫైర్‌ఫాక్స్. ఒక్కోదాని గోత్రం అడిగాను. మొదటి నాలుగూ బ్లింక్. ఫైర్‌ఫాక్స్ ఒక్కటే గెకో.

గోత్రమంటే ఇంజన్. పేజీ కోడ్ చదివి, ఏ అక్షరం ఎక్కడ పడాలో, ఏ బొమ్మ ఎంత ఉండాలో లెక్కగట్టి తెర మీద గీసేది అదే. ట్యాబులూ బుక్‌మార్కులూ పై సోకు.

బ్లింక్ మూలపురుషుడు పుట్టింది లినక్స్ ఇంట్లోనే. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్లు కాంకరర్ కోసం రాసుకున్న కేహెచ్‌టీఎంఎల్‌ను ఆపిల్ తీసుకుని, వెబ్‌కిట్‌గా మలచి, 2003లో సఫారీ తెచ్చింది. గూగుల్ 2008లో అదే వెబ్‌కిట్‌తో క్రోమ్ మొదలెట్టి, 2013లో వేరు కాపురం పెట్టింది. ఆ కాపురం పేరే బ్లింక్. చివరికి కాంకరర్ కూడా తాతను సాగనంపి మనవణ్ణి తెచ్చుకుంది.

క్రోమ్‌లో వెర్షన్ పేజీ తెరిచి చూడండి. సైట్లకు బ్రౌజర్ తనను తాను పరిచయం చేసుకునే యూజర్ ఏజెంట్ వరుసలో 'కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెకో' అని ఇప్పటికీ ఉంటుంది. 'నేనూ గెకో లాంటివాణ్ణే, లోపలికి రానివ్వండి' అని ఒకప్పుడు సైట్లను బతిమాలుకున్న మాట అది. ఇవాళ బతిమాలుకునే వంతు గెకోది. మొన్న ఓ ఆఫీసు సైట్‌లో ఫారమంతా నింపి సబ్మిట్ నొక్కితే, ఫైర్‌ఫాక్స్‌లో ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్ చేస్తే "క్రోమ్‌లో తెరవండి సార్" అన్నారు.

కోడ్ అందరిదీ అయినప్పుడు భయమెందుకు అంటారు. బ్లింక్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, నిజమే. కానీ అందులో జరిగే పనిలో సింహభాగం గూగుల్ ఉద్యోగులది. వాళ్లు దారి మళ్లిస్తే వెంట నడవాలి, లేదా అంత కోడునూ సొంతంగా మోయాలి. మైక్రోసాఫ్ట్ అంతటిదే సొంత ఇంజన్ దించేసి, 2020లో తన బ్రౌజర్ ఎడ్జ్‌ను క్రోమ్‌కు మూలమైన క్రోమియం మీదికి ఎక్కించింది.

అంతా ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో మన అక్షరమే చూపించింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' ఒక తీరులో టైపై వస్తే, ఐఫోన్‌లో ఆ మెసేజ్ తెరిచిన యాప్ కుప్పకూలేది. తప్పు ఆపిల్ వారి అక్షరాలు పేర్చే భాగానిది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే అక్షరం హాయిగా కనబడింది, అక్కడ పేర్చే చెయ్యి వేరు గనక.

అందుకే చెబుతున్నాను. చాలా లినక్స్‌లలో ఫైర్‌ఫాక్స్ ముందే ఉంటుంది, తీసేయకండి. ఏదైనా సైట్ మొరాయిస్తే క్రోమ్‌కి మారి ఊరుకోకుండా వాళ్లకో ఫిర్యాదు రాయండి. ఆ ఆఫీసుకి నేనూ రాశాను. జవాబు ఇంకా రాలేదు.