మొదటి ఇల్లు ఊరి దారి వైపే చూడండి



కొత్తగా ఉద్యోగాలొచ్చి, పెళ్లిళ్లయి, హైదరాబాద్‌లో కిరాయికి ఉంటున్న మన జంటలు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "అన్నా, సిటీ లోపల ఎట్లాగూ కొనలేం. బయట ఎటు వైపు కొంటే మంచిది?" దీనికి వాళ్లకు దొరికే జవాబులన్నీ రియల్ ఎస్టేట్ వాళ్ల జవాబులే. అటు ఎయిర్‌పోర్టు ఉంది, ఇటు రీజినల్ రింగ్ రోడ్డు వస్తది, ఐదేళ్లలో రేటు డబుల్ అయితది అని. లాభం కోసం కొనేటోళ్ల లెక్క అది. ఉండడానికి మొదటి ఇల్లు కొనే మన లెక్క వేరు. నా దృష్టిలో గజం ధర మూడో ప్రశ్న మాత్రమే. మొదటిది, ఇద్దరి డ్యూటీలకు దూరమెంత? రెండోది, ఆ ఇంటి నుంచి ఊరికి పోయే దారి ఎటు?

సొంత ఇల్లు ఎందుకు, కిరాయికి ఉంటే పోదా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఒకసారి టు-లెట్ బోర్డు పట్టుకుని తిరిగి చూడాలి. రేటు మాట్లాడకముందే "మీరేం క్యాస్ట్?" అని అడిగే ఓనర్లు ఈ సిటీలో ఇంకా ఉన్నారు. ఊరి నుంచి అత్తమ్మ ఆపరేషన్ కోసం వచ్చి పది రోజులుంటే నీళ్ల బిల్లు గుర్తుచేసే ఓనర్లూ ఉన్నారు. కాబట్టి ఇల్లు కావాలనుకోవడం గొప్పల కోసం కాదు. కోరిక న్యాయమైనదే. తొందరే మంచిది కాదు.

ఎందుకంటే మనం ఒకసారి తప్పు చోట కొంటే మళ్లీ లేవడం కష్టం. మిగతావాళ్లు ఊర్లో అరెకరం అమ్మి డౌన్ పేమెంటు కడతారు. మనలో చాలామందికి ఆ దారి లేదు. పోడు పట్టా అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది. వారసులకు వస్తది కానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి లేదు. ఏజెన్సీ పట్టా భూమి ఉంటే 1/70 ప్రకారం గిరిజనులకు మాత్రమే అమ్మొచ్చు. అందుకే దాని మీద పెద్ద లోను ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. ఆ చట్టం మన భూమికి కాపలా, అది ఉండాల్సిందే. కానీ దాని అర్థం, మన మొదటి ఇంటికి పెట్టే ప్రతి రూపాయి జీతంలోంచి, చిట్టీలోంచి రావాల్సిందే. రెండో అవకాశం తొందరగా రాదు.

ఇప్పుడు దూరం లెక్క చూద్దాం. డ్యూటీకి 10 కిలోమీటర్ల దూరంలో ఒక ఫ్లాట్, 35 కిలోమీటర్ల దూరంలో ఇంకో ఫ్లాట్ ఉన్నాయనుకోండి. రెండోది చవక. కానీ పోనూ రానూ రోజుకు 50 కిలోమీటర్లు ఎక్కువ. నెలకు 26 రోజులంటే 1300 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇచ్చినా 29 లీటర్లు, లీటరు 107 రూపాయల లెక్కన నెలకు సుమారు 3,100. ఇటు హోమ్ లోను చూస్తే, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు లక్ష రూపాయలకు ఈఎంఐ సుమారు 868. అంటే ఒక్కరి పెట్రోలు ఖర్చే మూడున్నర లక్షల లోనుతో సమానం. ఇద్దరూ అట్లనే తిరిగితే ఏడు లక్షలు. దూరం ఇల్లు ఏడు లక్షలు తక్కువకు వచ్చినా అది చవక కాదన్నమాట. పైగా రోజుకు రెండు గంటలు రోడ్డు మీద పోతాయి. గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదువుకుంటున్న వాళ్లకు ఆ రెండు గంటలంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

ఇద్దరి ఆఫీసులూ చెరో దిక్కున ఉంటే మధ్యలో చూడమంటారు. నేనైతే రాత్రి డ్యూటీ ఎవరికుంటే వాళ్లకు దగ్గరగా చూడమంటాను. చెల్లె స్టాఫ్ నర్సు అయితే ఆమె హాస్పిటల్ వైపే. రాత్రి పదింటికి బస్సు దొరకని కాలనీలో కొని, రోజూ భర్త వచ్చి తీసుకుపోవాలంటే అది ఇద్దరికీ శిక్షే.

రెండో ప్రశ్న ఊరి దారి. నెలకొకసారైనా మనం ఊరికి పోతం. పండుగ, చావు, పెళ్లి, నాన్నకు జ్వరం, ఏదో ఒకటి. ఊరోళ్లు హాస్పిటల్‌కు వచ్చినా మొదట దిగేది మన ఇంట్లోనే. ములుగు, ఏటూరునాగారం, మహబూబాబాద్ వైపు వాళ్లకు వరంగల్ హైవే, అంటే ఉప్పల్ అవతల బోడుప్పల్, పోచారం, ఘట్‌కేసర్. కాజీపేట మీదుగా డోర్నకల్ పోయే రైలు దారి కూడా ఘట్‌కేసర్ గుండానే పోతది. 2024 మార్చిలో అక్కడికి ఎంఎంటీఎస్ కూడా మొదలైంది. ఖమ్మం, కొత్తగూడెం వాళ్లకు విజయవాడ హైవే, అంటే హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్. ఉట్నూరు, ఆదిలాబాద్ వాళ్లకు 44వ నంబరు హైవే మీద మేడ్చల్. అక్కడికీ 2023 నుంచి ఎంఎంటీఎస్ ఉంది. అచ్చంపేట, అమ్రాబాద్ చెంచు, లంబాడా మిత్రులకు శ్రీశైలం రోడ్డు, తుక్కుగూడ వైపు. ఊరు ఉత్తరాన ఉంటే ఇల్లు దక్షిణాన కొని, ప్రతిసారీ సిటీ మొత్తం దాటడానికే రెండు గంటలు పోగొట్టుకోవడం ఎందుకు?

"అన్నా, జాబ్ గచ్చిబౌలిలో ఉంది, ఊరేమో ములుగు, అప్పుడెట్లా?" అంటారు. నిజమే, ఇది గట్టి చిక్కే. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది కాబట్టి ఉప్పల్, నాగోలు స్టేషన్లకు దగ్గరలో చిన్న పాత ఫ్లాట్ చూడొచ్చు. బండి మీద నలభై కిలోమీటర్లు కొట్టుడు కన్నా అది నయం. అది కూడా బడ్జెట్‌కు అందకపోతే ఇంకో రెండేళ్లు కిరాయికే ఉండండి. ప్రైవేటు జాబ్ మారొచ్చు, ఇల్లు మారదు. కిరాయి కట్టుడు పైసలు పారేసుకున్నట్టు అని బ్రోకర్లు అంటారు. తప్పు చోట ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టుడు దానికంటే ఎక్కువ పారేసుకోవడం.

దిక్కు తేలినాక నేల మీద చూడాల్సినవి ఉన్నాయి. ఘట్‌కేసర్ వైపు మంచిదే కానీ ప్రతాపసింగారం లాంటి మూసీ పక్క ఊర్లలో బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా కొనొద్దు. దమ్మాయిగూడ, నాగారం వైపు చూస్తుంటే ఒక రాత్రి అక్కడ నిలబడండి. జవహర్‌నగర్ డంప్ యార్డు వాసన గాలి తిరిగినప్పుడే తెలుస్తది. పటాన్‌చెరు, పాశమైలారం దగ్గర ఫ్యాక్టరీల సంగతి అందరికీ ఎరుకే. ఎక్కడైనా మే నెలలో ఒకసారి పోయి, ట్యాంకర్ ఎన్ని రోజులకొకటి వస్తున్నదో కాలనీ ఆడవాళ్లను అడగండి. బిల్డర్ చెప్పని నిజం వాళ్లు చెబుతారు.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. మన ఏజెన్సీలో లాగా ఇక్కడ 1/70 రక్షణ ఉండదు, ఎవరి జాగ్రత్త వాళ్లదే. నోటరీ మీద అమ్మే ఇల్లు ఎంత చవకైనా వద్దు. అసైన్డ్ భూమి అయితే వద్దు. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ మ్యాపులు హెచ్‌ఎండీఏ దగ్గర ఉంటాయి. 2024లో హైడ్రా వచ్చినాక అవి చూడకుండా కొన్నవాళ్ల గతి టీవీల్లో చూసినం. కొత్త ప్రాజెక్టు 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో ఉన్నా, ఎనిమిది ఫ్లాట్లకు మించి ఉన్నా రెరా నంబరు ఉండాలి. ప్రీ లాంచ్ ఆఫర్ అంటే ఆ నంబరు లేకుండానే మన పైసలు అడుగుతున్నారని అర్థం. ఈసీ తీయించి, లాయరుకు చూపించాకే అడ్వాన్స్.

పైసల సంగతి ఒక ఉదాహరణతో చెప్తా. ఇద్దరి జీతం కలిపి నెలకు 70 వేలు, ఫ్లాట్ 33 లక్షలు అనుకుందాం. లోను 25 లక్షలు తీసుకుంటే ఈఎంఐ సుమారు 21,700. చేతి నుంచి 8 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున ఇంకో రెండున్నర లక్షలు. ఈ రెండున్నర లక్షల మాట బ్రోకర్ చివర్లో చెబుతాడు, బ్యాంకు లోనులో కలపదు. ఇంకొకటి, ఊరికి పంపే పదివేలను ముందే ఖర్చు కింద రాసుకోండి. మిగిలితే పంపుదాం అనుకుంటే ఇల్లు వచ్చిన రోజు నుంచి అమ్మకు మందులు ఆగిపోతాయి. ఆ పదివేలు తీసేస్తే తప్ప ఈఎంఐ కుదరదంటే ఆ ఇల్లు మనకు అందలేదని అర్థం.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0 గురించి కూడా బ్యాంకులో అడగండి. ఏడాది ఆదాయం 9 లక్షల లోపు, ఇల్లు 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉంటే మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ ఉంది, గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదు వాయిదాల్లో వస్తది. దేశంలో ఎక్కడా భార్యాభర్తల పేరు మీద పక్కా ఇల్లు ఉండకూడదు. ఊర్లో ఇల్లు అమ్మానాన్న పేరు మీద ఉంటే అడ్డు కాదు, మీ పేరుకు మార్చుకుని ఉంటే అడ్డే. ఇల్లు మాత్రం ఇద్దరి పేరు మీద రాయించుకోండి. ఈఎంఐ ఇద్దరు కడుతూ పట్టా ఒక్కరి పేరు మీద ఉండటం న్యాయం కాదు.

చివరిగా సీనియర్లకు ఒక మాట. మనలో ఇప్పటికే ఇండ్లు కొన్నవాళ్లు నాలుగు దిక్కులా ఉన్నారు. ఏ కాలనీలో నీళ్లున్నాయో, ఏ వెంచర్‌లో లొల్లి ఉందో మీకు తెలుసు. తమ్ముడు, మరదలు ఇల్లు చూడడానికి వస్తే ఒక ఆదివారం వాళ్ల వెంట నడవండి, ఈసీ చదివి పెట్టండి. మనం మొదటి తరం కొంటున్నవాళ్లం. అడగడానికి ఇంట్లో పెద్ద దిక్కు లేని పిల్లలకు ఆ దిక్కు మనమే కావాలి.

జోహార్.