ముద్దాయి లేని ఎండ

పోయిన ఎండాకాలం పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్కన టీ తాగుతుంటే మా చిన్నాయిన కొడుకు ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వీడియోలో భూగోళం గిర్రున తిరుగుతోంది, వెనక గుండెలదిరే సంగీతం. ఉత్తర అయస్కాంత ధ్రువం జరిగిపోతోందట, భూమి అయస్కాంత బలం తగ్గిపోతోందట, ఈ ఎండలకీ అకాల వానలకీ అదే కారణమట.

"మనం జేసేది ఏమున్నదన్నా, భూమే అట్ల తిరుగుతున్నది" అన్నాడు. చెప్పొద్దూ, వాడి గొంతులో కాస్త నిశ్చింత వినబడింది.

వాడొక్కడే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఇదే మాట ఇంకొంచెం మంచి తెలుగులో, నగరంలో పుస్తకావిష్కరణ సభల తర్వాత సమోసాలు తింటూ కూడా విన్నాను. "సైన్స్‌కి మాత్రం అన్నీ తెలుసా అండీ" అన్న తోకతో సహా. నా పేచీ వీళ్ళతోనే.

వీడియోలో సగం నిజమే. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ కెనడా ఉత్తర కొసన గుర్తించిన అయస్కాంత ధ్రువం ఇప్పుడు సైబీరియా వైపు వెళ్ళింది. ఒక దశలో ఏడాదికి యాభై కిలోమీటర్లకు పైగా నడిచింది. గత రెండు వందల ఏళ్ళలో క్షేత్రబలం సగటున 9 శాతం దాకా తగ్గింది. ఇవి ఎవరో కలగన్న అంకెలు కావు. మన దేశంలోనే బొంబాయి కొలాబాలో 1841 నుంచి ఈ కొలతలు తీస్తున్నారు. ఊళ్ళోకి కరెంటు ట్రాములు వస్తే వాటి వల్ల సూదులు చెదురుతాయని 1904లో అబ్జర్వేటరీని అలీబాగ్‌కు తరలించారు. ఒక కొలత నిజాయితీ కోసం సముద్రం దాటి వెళ్ళారన్నమాట! మన ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్ఐ వాళ్ళూ ఈ పని దశాబ్దాలుగా చేస్తున్నారు.

మిగతా సగం దగ్గరే మోసం. అయస్కాంత క్షేత్రం కింది గాలిని వేడి చేయదు. 2024 మే 10న పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది, లడాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ఆ ఆటంతా వంద కిలోమీటర్ల పైన. మన వానమబ్బులుండేది మహా అయితే పదిహేను, పదహారు కిలోమీటర్ల లోపు. ఇబ్బంది పడేది ఉపగ్రహాలూ రేడియోలూ, వరినారు కాదు.

ఇంకా పెద్ద పరీక్ష కూడా జరిగిపోయింది. దాదాపు 42 వేల ఏళ్ళ కిందట లాషాంప్ ఘటనలో క్షేత్రబలం పదో వంతుకు అటూ ఇటూగా పడిపోయింది. న్యూజీలాండ్ బురదలో దొరికిన కౌరీ చెట్టు వలయాలు చదివి, అప్పుడు వాతావరణమే తలకిందులైందని 2021లో కొందరు శాస్త్రవేత్తలు రాశారు. వెంటనే తోటి శాస్త్రవేత్తలు నిలదీశారు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పొరల్లో ఆ కాలానికి అంతటి కుదుపు కనబడదు మరి. అంత పడిపోయినప్పుడే రుజువు దొరకని ప్రభావం, 9 శాతానికి మా పటాన్‌చెరును కాలుస్తోందా?

విశ్వకిరణాలు మబ్బుల్ని పుట్టిస్తాయన్న వాదం దీనికన్నా గౌరవనీయమైనది. డెన్మార్క్‌కు చెందిన స్వెన్స్‌మార్క్ తొంభైల్లో దాన్ని ముందుకు తెచ్చాడు. దాన్ని ఎవరూ ఎగతాళి చేసి వదిలేయలేదు, సెర్న్‌లో ప్రత్యేకంగా ఒక గది కట్టి పరీక్షించారు. ఆ ప్రభావం మరీ చిన్నదని తేలింది. మరోవైపు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు 280 పాళ్ళ నుంచి 420 దాటింది. నేల దగ్గర గాలి వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. సూర్యుడే కారణమైతే పైనా కిందా రెండూ వేడెక్కాలి. పైన చల్లబడటం కార్బన్ వేలిముద్ర.

ఇంత తేలికగా తెలిసేదాన్ని వదిలి మనవాళ్ళు అయస్కాంతాన్ని ఎందుకు పట్టుకుంటారు? దాని మీద కేసు పెట్టలేం కాబట్టి.

ఇక్కడ పుట్టినవాడిగా నాకు ఈ తరహా కారణాలు కొత్త కాదు. నా చిన్నప్పుడు బోరునీళ్ళు రంగు మారితే "భూమిలో ఏదో ఖనిజముంటది" అని పెద్దమనుషులు సర్దిచెప్పేవారు. నక్కవాగు మాత్రం ఫ్యాక్టరీల నీళ్ళు మోసుకుని మంజీరలో కలుస్తూనే ఉంది. కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి బయటికొచ్చే నీటి లెక్క ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. భూమిలో సిప్రోఫ్లాక్సాసిన్ గని లేదు.

నక్కవాగు విషానికీ భూతాపానికీ లంకె పెట్టడం లేదు, అవి వేర్వేరు లెక్కలు. నేను చెప్పేది కారణం వెతికే అలవాటు గురించి. కారణాన్ని మనిషి చెయ్యి అందనంత లోతుకో ఎత్తుకో పంపేస్తే కింద ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. భూమి లోపల మూడు వేల కిలోమీటర్ల దిగువన కరిగిన ఇనుముకు సమన్లు పంపలేం కదా.

రేకుల షెడ్డులో రియాక్టర్ పక్కన నిలబడే మనిషికి మాత్రం ఈ తేడా చాలా పెద్దది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం పదమూడో సెక్షన్ పనిచోట గాలి ఆడాలనీ, మనిషి తట్టుకోగల ఉష్ణోగ్రత ఉండాలనీ అనేది. వేడి అయస్కాంతం పంపిందని ఒప్పుకున్నవాడు అలాంటి నియమం ఎందుకు అడుగుతాడు?

మావాణ్ణి అడిగాను, "మీ షెడ్డుల ఎంత డిగ్రీలుంటదిరా?"

"ఎవలు సూశిన్రన్నా, మీటరే లేదు."

ఫోన్ ఇంకా వాడి చేతిలోనే ఉంది. అందులో దిక్సూచి యాప్ తెరిచి, ఉత్తరం ఎటుందో డిగ్రీలతో సహా నాకు చూపించాడు.